జరుగని పందెము వెల

వ్యవహారములయందు నష్టపరిహారమను మాట మనకు నిత్యము వినవచ్చునదియే. కొనిన సరకు చేరనిచో దాని వెలను రాబట్టుకొనవచ్చును. కౌలుదారు శిస్తు ఎగవేసినచో వడ్డీతో కూడ వసూలుచేసికొనవచ్చును. కట్టిన గోడ కూలినచో కట్టిన మేస్త్రీని కోర్టుకు ఈడ్వవచ్చును. ఈ నష్టములకెల్ల లెక్కలు కలవు, లెక్కలకు సాక్ష్యములు కలవు. కాని పనిచేయగల వయసున పనిలేక కూర్చుండవలసివచ్చినవాని నెలలకు మాత్రము ఏ న్యాయాధిపతియు సరియైన డిక్రీ ఇయ్యజాలడు. అదను తప్పిన పైరునకు తరువాత ఎంత నీరు పెట్టినను ఆ యేటి పంట రాదు. ఈ సంగతి ముష్టియోధుల జీవితములయందు కన్నులకు కట్టినట్లు కనబడుచున్నది గనుక నేడు దానిని పాఠకుల యెదుట పెట్టదలచితిమి.

ఆండ్రే వార్డు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఓక్లండు నగరమునకు చెందినవాడు. 2004వ సంవత్సరమున ఏథెన్సు ఒలింపిక్సులో స్వర్ణపతకమును గెలిచి, ఆ యేడాది చివరనే వృత్తియోధుడై డాన్ గూసెన్ అను ప్రమోటరు పక్షమున బరిలో దిగెను. ప్రమోటరనగా పందెములను కుదిర్చి, స్థలమును ఏర్పరచి, టిక్కెట్లు అమ్మించి, టెలివిజను కంపెనీలతో బేరమాడి, వచ్చిన సొమ్ములో యోధునికి వాటా ఇచ్చువాడు. 2009లో ఆరుగురు ప్రసిద్ధ యోధులను చేర్చి 168 పౌండ్ల తరగతియందు ఒక గొప్ప పోటీని ప్రారంభింపగా, వార్డు ఒక్కొక్కరిని దాటుకొని వచ్చి 2011 డిసెంబరులో కార్ల్ ఫ్రాచ్‌ను ఓడించి విజేతయయ్యెను. 2012 సెప్టెంబరులో తన స్వనగరమున చాడ్ డాసన్‌ను పదవ రౌండులో పడగొట్టెను. అప్పటికి ఆతనికి 28 ఏండ్లు. వృత్తియోధుడుగా ఓటమి యెరుగడు. లోకమునందలి యోధులలో ఫ్లాయిడ్ మేవెదరు తరువాత ఎన్నదగినవాడు ఈతడేయని పలువురు విమర్శకులు వ్రాయుచుండిరి.

అటుపిమ్మట 2015 జూను వరకు, అనగా దాదాపు రెండు సంవత్సరముల తొమ్మిది నెలల కాలమున, ఆతడు బరిలో దిగినది ఒకే ఒక్క పర్యాయము. నిజము చెప్పవలెనన్న ఈ విరామమంతయు వ్యాజ్యము తెచ్చిపెట్టినది కాదు. 2013 జనవరిలో భుజమునకు శస్త్రచికిత్స జరిగెను. గాయము మానిన తరువాత ఆ యేడు నవంబరులో ఎడ్విన్ రోడ్రిగెజ్‌ను ఓడించెను. కాని ఆ పందెమునకును తరువాతి పందెమునకును నడుమ గడచిన పందొమ్మిది నెలలకు గాయము కారణము కాదు, ప్రమోటరుతోడి తగవే కారణము.

తగవు స్వరూపము క్లిష్టమైనది కాదు. గూసెన్‌తో తనకుగల ఒడంబడిక ఇకమీదట చెల్లదని వార్డు వాదము. కాలిఫోర్నియా శాసనము ప్రకారము స్వయముగా శరీరశ్రమతో నెరవేర్పవలసిన ఒడంబడికను ఏడు సంవత్సరములకు మించి ఒకనిపై అమలుజరుపుటకు వీలులేదు. తన గడువు దాటిపోయినదని ఆతని పక్షము వారు చెప్పిరి. ఆ రాష్ట్రపు క్రీడాకమిషను నెరపిన మధ్యవర్తిత్వమున ఈ వాదము నెగ్గలేదు. ఒడంబడిక చెల్లునని ప్రమోటరు పక్షముననే తీర్పు వచ్చెను. తీర్పు వచ్చినను మనసులు కలియలేదు. ప్రమోటరు పందెములు కుదుర్పజూచుటయు, యోధుడు అంగీకరింపకుండుటయు, మరల వ్యాజ్యమునకు పోవుటయు జరుగుచుండగా కాలము గడచిపోయెను. 2014 సెప్టెంబరులో గూసెన్ వ్యాధిగ్రస్తుడై మరణించెను. 2015 జనవరిలో వార్డు మరియొక సంస్థతో ఒప్పందము చేసికొనెను. ఆ సంవత్సరము జూను 20వ తేదీన మరల బరిలో దిగి పాల్ స్మిత్ అను ఇంగ్లీషువానిని తొమ్మిదవ రౌండులో ఓడించెను. అప్పటికి ఆతనికి 31 ఏండ్లు నిండినవి.

తరువాతి కథ పాఠకులకు ఆశ్చర్యము కలిగింపవచ్చును. ఆతడు 175 పౌండ్ల తరగతికి మారి 2016 నవంబరులో సెర్గే కొవలెవ్ అను రష్యా యోధునితో తలపడెను. రెండవ రౌండులో నేలకొరగియు మరల లేచి పోరాడి, ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోను 114కు 113గా, ఒక్క పాయింటు తేడాతో గెలిచెను. 2017 జూనులో అదే కొవలెవ్‌ను ఎనిమిదవ రౌండులో నిలువరించెను. ఆ సెప్టెంబరులోనే 33 ఏండ్ల వయసున విరమించెను. ఆడిన పందెములు 32, గెలుపులు 32. ఇట్టివానికి తగవు వలన కలిగిన నష్టమేమి యని ఎవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఆ 32 పందెముల పట్టికలో దొరకదు. ఆ పట్టికలో లేని పందెములలో ఉన్నది. 29వ యేటినుండి 31వ యేటి వరకు దేహమును బుద్ధియు ఒక్కటై పనిచేయు దశలో ఎవరితో పోరాడి యుండెడివాడు? గెన్నడీ గొలొవ్కిన్‌తో పందెము జరుగునని అభిమానులు ఏండ్ల తరబడి చెప్పుకొనిరి. అది ఎన్నటికిని జరుగలేదు.

వార్డు ఒక్కనికే ఇట్లు జరిగినదనుకొనరాదు. అదే కాలిఫోర్నియాకు చెందిన మైకీ గార్సియా అను యోధుడు 2014 జనవరిలో న్యూయార్కునందు తన బిరుదమును నిలబెట్టుకొనెను. అప్పటికాతనికి 26 ఏండ్లు, అపజయమెరుగని యోధుడు. ఆ వసంతకాలముననే టాప్ ర్యాంక్ అను పెద్ద ప్రమోటింగు సంస్థపై దావా వేసెను. ఆతని వాదమునకును ఆ ఏడేండ్ల శాసనమే ఆధారములలో ఒకటి. దావా రెండు సంవత్సరములు సాగి 2016లో రాజీతో ముగిసెను. ఆ యేడు జూలై 30వ తేదీన గార్సియా మరల బరిలో కనబడునప్పటికి రెండున్నర సంవత్సరములు గడచినవి. ఒక్క న్యాయాధిపతియైనను ఎవరిది తప్పో తేల్చి చెప్పలేదు. బిరుదము పోయెను, తరగతి మారెను. 2017 జనవరిలో ఆతడు మరల ప్రపంచ బిరుదమును గెలుచుట ఆతని శక్తికి నిదర్శనమే గాని పోయిన కాలమునకు పరిహారము కాదు.

ఇట్టి నష్టమునకు వెలకట్టుట ఎంత కష్టమో తెలియవలెనన్న మనము ఒక పాత వ్యాజ్యమును తిరగవేయవలెను. అందు తగవు తారుమారుగా నడచినది, నష్టపోయినది ప్రమోటరు. 1926 మార్చిలో హెవీవెయిటు ప్రపంచ విజేతయైన జాక్ డెంప్సీ, హారీ విల్స్ అను నీగ్రోజాతి యోధునితో సెప్టెంబరులో పోరాడుదునని షికాగోలోని ఒక క్లబ్బుతో ఒడంబడిక వ్రాసెను. సంతకము నాడు ముట్టినది పది డాలర్లు. తరువాత చెల్లింపవలసిన మొత్తము ఎనిమిది లక్షల డాలర్లు. వేసవి నడుమ డెంప్సీ తనకు ఒడంబడికయే లేదని తిరస్కరించి, సెప్టెంబరు 23వ తేదీన ఫిలడెల్ఫియాలో జీన్ టన్నీతో పోరాడి ఓడిపోయెను. క్లబ్బువారు నష్టపరిహారమునకై దావా తెచ్చిరి. పందెము జరిగియుండినచో తమకు వచ్చెడి లాభమును ఇప్పింపుడని వారి ప్రధానమైన కోరిక. 1932లో ఇల్లినాయి అప్పీలు కోర్టు ఆ కోరికను నిరాకరించెను. అట్టి లాభము ఊహామాత్రము, ప్రజలు వచ్చెదరో రారో, వాన కురియునో కురియదో, ఎవరు చెప్పగలరు? ఒడంబడికపై సంతకమైన పిమ్మట, దానిని డెంప్సీ తిరస్కరించుటకు పూర్వము, పందెము నిమిత్తము నిజముగా అయిన ఖర్చుల విషయమున మాత్రమే పరిహారమునకు అవకాశము కలదని చెప్పెను.

న్యాయశాస్త్రరీత్యా ఆ తీర్పు సరియైనదే. నేటికిని అమెరికా న్యాయకళాశాలలలో విద్యార్థులు దానిని చదువుచున్నారు. కాని ఆ వ్యాజ్యమున పేరు వినబడుచు వాది గాని ప్రతివాది గాని కానివాడు ఒకడున్నాడు. వాడు హారీ విల్స్. ఏండ్ల తరబడి ప్రపంచ బిరుదమునకై పోరాడు అర్హత గల యోధులలో అగ్రగణ్యుడైనను, నల్లవాడగుటచేత ఆతనికి ఆ యవకాశము ఇయ్యకుండిరి. చేతిదాక వచ్చిన ఆ పందెము కూడ జారిపోయెను. మరల ఎన్నడును రాలేదు. క్లబ్బువారి లాభమునకు లెక్కలేదన్న కోర్టు, ఒకవేళ విల్స్ వచ్చి తన నష్టమును అడిగియుండినచో ఏమని యుండెడిది? ఊహ మీద ఊహ అనక తప్పెడిది కాదు. పందెము జరుగనిచో దానికి వెలలేదు. ప్రమోటరునకును లేదు, యోధునకును లేదు. అయితే ప్రమోటరునకు రేపు మరియొక యోధుడు దొరకును. యోధునకు మరియొక యౌవనము దొరకదు.

ఇట్లనుటచేత ప్రమోటరులందరును దోపిడికాండ్రని మేము చెప్పుటలేదు. పేరులేని కుర్రవానిని తెచ్చి, ఏండ్ల తరబడి చిన్న పందెములలో చేతిసొమ్ము పోగొట్టుకొని, వానికి ఒక పేరు తెచ్చిపెట్టువాడు ప్రమోటరే. పేరు వచ్చిన మరునాడే ఆ కుర్రవాడు మరియొకని గడప ఎక్కినచో విత్తనము వేసినది ఒకరు, కోసికొన్నది మరియొకరు అగును. వార్డు వృత్తిలో తొలి సంవత్సరముల భారమును మోసినది గూసెనే. మధ్యవర్తి ఆయన పక్షమున తీర్పు చెప్పుటలో వింత యేమియు లేదు. మా అభియోగము వ్యక్తుల మీద కాదు. తగవు తీరు వరకు యోధుని బరికి దూరముగా నుంచు పద్ధతి మీద.

పాశ్చాత్య దేశముల న్యాయము ఈ విషయమున కొంత దూరము నడచినది. కాలిఫోర్నియా ఏడేండ్ల శాసనమునకు పదును పెట్టినది ముష్టియోధుడు కాదు, ఒలీవియా డి హావిలండ్ అను సినిమా నటి. ఆమె వేషములు నిరాకరించి కంపెనీ వారి శిక్షకు పాలై ఖాళీగా నున్న నెలలను ఏడేండ్లకు పైన కలుపవలెనని వార్నర్ కంపెనీ వారు వాదింపగా, 1944లో అక్కడి అప్పీలు కోర్టు అట్లు కాదనియు, ఏడేండ్లనగా క్యాలెండరు ప్రకారము ఏడేండ్లే యనియు తీర్పు చెప్పెను. 2000వ సంవత్సరమున అమెరికా కాంగ్రెసు ముహమ్మదాలీ పేర ఒక ముష్టియుద్ధ సంస్కరణ శాసనమును చేసెను. ఒక పందెము దొరకవలెనన్న రాబోవు పందెముల హక్కులను కూడ వ్రాసియిమ్మని యోధుని నిర్బంధించు షరతు పండ్రెండు నెలలకు మించి చెల్లదు. యోధుని మేనేజరునకు ప్రమోటరు వ్యాపారమున లాభముండరాదు. పందెము మీద తనకు వచ్చు సొమ్మెంతయో ప్రమోటరు యోధునకు తెలుపవలెను.

ఇంగ్లండున ఇట్టి విషయములను కోర్టు తీర్పులే చక్కబరచినవి. నైజెల్ బెన్ అను యోధుడు ఫ్రాంక్ వారెన్‌తో 1988లో మూడేండ్ల ఒడంబడిక చేసికొని, కొన్ని నెలలకే విశ్వాసము తప్పి ఆంబ్రోస్ మెండీని ఆశ్రయించెను. మెండీని అడ్డగించు ఇంజంక్షను ఇమ్మని వారెన్ అడుగగా 1989లో అప్పీలు కోర్టు నిరాకరించెను. అట్టి ఉత్తరువు పైకి మెండీ మీద కనబడినను, ఫలితమున బెన్‌ను ఇష్టములేని చోట పనిచేయుటకు నిర్బంధించుటయే యగును. శరీరనైపుణ్యము మీద బ్రతుకువాడు ఆ నైపుణ్యమును వాడుకొననిచో అది క్షీణించును గనుక, చాలకాలము ఖాళీగా నుండుమనుట వానిని లొంగదీయుటయేయని ఆ తీర్పు సారము. 1991లో మైకెల్ వాట్సన్ అను యోధుని వ్యాజ్యమున మరియొక మెట్టు ఎక్కిరి. ఆతని మేనేజరే ప్రమోటరు కూడ. తనవానికి ఎక్కువ సొమ్ము రాబట్టవలసినవాడును, తక్కువ సొమ్ము ఇయ్యజూచువాడును ఒక్కడే యయ్యెను. అట్టి ఒడంబడిక వృత్తిస్వేచ్ఛకు అనుచితమైన ఆటంకమని కోర్టు దానిని అమలుపరుప నిరాకరించెను. అట్లు స్వేచ్ఛను గెలిచిన వాట్సన్ ఆ సంవత్సరము సెప్టెంబరుననే క్రిస్ యూబాంక్‌తో జరిగిన పందెమున మెదడునకు దెబ్బ తగిలి బహుదినములు స్పృహలేక పడియుండి, శాశ్వతముగా అంగవికలుడయ్యెను. ఈ వృత్తియందు మంచి దినములు ఎంత కొలదియో, అవి ఎట్లు ఒక్క రాత్రిలో ముగియవచ్చునో చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఇదంతయు విదేశవ్యవహారము, మనకేమి యని అనుకొనుటకు నేడు వీలులేదు. ఒకప్పుడు మన తాలింఖానాలలో గరిడీలు నేర్చిన మల్లునకు జమీందారు పోషణ ఉండెడిది. కాగితము మీద సంతకము ఉండెడిది కాదు. నేడు నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లోను 2023లోను ప్రపంచ విజేతయై తెలుగువారికి కీర్తి తెచ్చినది. ఆమె ఆ బిరుదములను గెలిచినది ఔత్సాహిక క్రీడయందు. అక్కడ పందెములను కుదుర్చునవి సంఘములు గాని ప్రమోటరులు కారు. కాని పతకము గెలిచిన పిమ్మట వృత్తియోధులగు మార్గము మనవారికిని తెరువబడినది. ఒలింపిక్ పతకము గెలిచిన విజేందర్ సింగ్ 2015లో వృత్తిక్రీడయందు ప్రవేశించినది పైని చెప్పిన ఫ్రాంక్ వారెన్ సంస్థతో ఒడంబడిక చేసికొనియే. రేపు మన విశాఖపట్టణమునుండియో నిజామాబాదునుండియో పోవు బాలుని యెదుట కూడ ముప్పది పుటల ఇంగ్లీషు కాగితము పెట్టబడును. చదివి చెప్పువాడు ప్రక్క నుండునా?

అప్పుడు మన శాసనము వానికేమి రక్షణ ఇయ్యగలదు? 1872 నాటి ఇండియన్ కంట్రాక్టు చట్టము 27వ సెక్షను వృత్తివ్యాపారములను అడ్డగించు ఒప్పందములను చెల్లవని చెప్పుచున్నది. క్రికెటు ఆటగాడు జహీర్ ఖాన్ వ్యాజ్యమున 2006లో సుప్రీముకోర్టు ఆ సెక్షనును బలముగా నిలబెట్టినది. గడువు తీరిన పిమ్మట కూడ క్రొత్త బేరములను మొదట మాకే చూపవలెనన్న ఏజెంటు షరతు చెల్లదని చెప్పినది. గడువు తీరినవానికి ఇది కొండంత అండ. కాని గడువు లోపల? ఒడంబడిక నడచుచున్న కాలమున మరియొకని యొద్ద పనిచేయరాదను షరతు సాధారణముగా చెల్లునని 1967లోనే సుప్రీముకోర్టు చెప్పియున్నది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 42వ సెక్షను ప్రకారము అట్టి షరతును నిలబెట్టుటకు కోర్టు ఇంజంక్షను ఇయ్యవచ్చును. కాలిఫోర్నియాలోవలె ఏడేండ్ల హద్దు మనకు లేదు. వార్డునకును గార్సియాకును కాలము పోయినది సరిగా ఈ గడువు లోపలనే.

కావున మా సూచన యిది. తగవు తీరువరకు పందెమును ఆపుట కంటె, పందెమును జరిపించి తగవైన వాటాను కోర్టులో డిపాజిట్టు చేయించుట మేలు. భూమి తగవులో నున్నప్పుడు మన కోర్టులు ఏమి చేయుచున్నవి? రిసీవరును నియమించి, పంటను కోయించి, ఆ సొమ్మును భద్రపరచుచున్నవి. తీర్పు వచ్చువరకు పొలమును బీడుగా పెట్టుడని చెప్పుటలేదు. పైరునకు చూపిన ఈ దయను మనుష్యుని దేహమునకు చూపుటకు అభ్యంతరమేమి? ప్రమోటరు హక్కు డిపాజిట్టు సొమ్ములో క్షేమముగా నుండును. యోధుని యేడాది వృథాకాదు. మరియొక లాభము కూడ కలదు: జరిగిన పందెమునకు లెక్కలుండును గనుక, డెంప్సీ వ్యాజ్యమునవలె ఊహల మీద వాదింపవలసిన పని కోర్టునకు తప్పును.

దీనికి తోడుగా ఒడంబడిక వ్రాయుటలో కొన్ని జాగ్రత్తలు వలయును. గడువు తక్కువగా నుండవలెను. ఏడాదికి కనీసము ఇన్ని పందెములు ఏర్పాటుచేయవలెనని ప్రమోటరు మీద బాధ్యత పెట్టవలెను. అది తప్పినచో యోధుడు స్వతంత్రుడు కావలెను. వచ్చిన సొమ్మునకు లెక్క చూపు షరతు ఉండవలెను. మేనేజరు వేరు, ప్రమోటరు వేరు కావలెను. తగవు వచ్చినచో నెలలలో తేల్చు మధ్యవర్తి పేరు ముందే వ్రాసికొనవలెను. ఇవి గొప్ప రహస్యములు కావు. ఇల్లు అద్దెకు పుచ్చుకొనువాడు సయితము ఇంతమాత్రపు జాగ్రత్త పడును. కాని ఇరువదియేండ్ల కుర్రవాడు మొదటి అడ్వాన్సు చెక్కును చూచిన ఉత్సాహమున చివరి పుట చదువడు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటకు మా వంటివారి గుమ్మము తొక్కును.

ఈ పత్రికను చదువు వకీళ్లు, ఇంజనీర్లు, ఉద్యోగులు తమ బంధువుల పిల్లలలో ఆటలు నేర్చువారిని ఎరిగియుందురు. చదువునకు సంబంధించిన కాగితములను వారికి చదివి పెట్టుచున్నట్లే ఈ కాగితములను కూడ ఒక సాయంకాలము కూర్చుండి చదివిపెట్టినచో మేలు చేసినవారగుదురు. శాసనము మారుటకు కాలము పట్టును. అంతవరకు సంతకమునకు ముందు గడపిన ఒక్క గంట, సంతకము తరువాత పోవు రెండేండ్లను నిలుపవచ్చును.